తిరుపతిలో బట్టలు ఆరబెట్టే డ్రైయర్: హీట్ పంపా, కండెన్సరా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా అక్టోబర్ నెలాఖరులో మొదటి ముసురు పట్టగానే మా అపార్ట్‌మెంట్ వాళ్లు, చుట్టాలు, ఆఫీసు వాళ్లు నన్ను అడిగేది ఒకటే: డ్రైయర్ కొందామనుకుంటున్నాం, హీట్ పంప్ తీసుకోవాలా, కండెన్సర్ చాలా? కొన్నేళ్లు కండెన్సర్ వాడి, తర్వాత హీట్ పంప్‌కు మారినవాణ్ని కాబట్టి అడుగుతారు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పిందే చెప్పే బదులు, వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. ఒకటి చదివితేనే ఇంకొకటి అర్థమయ్యేలా ఏదీ రాయలేదు.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

మా వాషింగ్ మెషిన్‌లోనే డ్రైయర్ ఉంది కదా, మళ్లీ ఇంకొకటి ఎందుకు?

సెమీ ఆటోమేటిక్ మెషిన్‌లో రెండో తొట్టిని డ్రైయర్ అనడం మనకు అలవాటు. అది బట్టలు పిండుతుంది, ఆరబెట్టదు. నాలుగు కిలోల నూలు బట్టల్ని ఫ్రంట్ లోడ్ మెషిన్‌లో 1,400 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మీద పిండినా వాటిలో దాదాపు రెండు లీటర్ల నీళ్లు మిగిలే ఉంటాయి. 700 ఆర్‌పీఎం మాత్రమే తిరిగే టాప్ లోడ్ అయితే మూడు లీటర్లకు దగ్గరగా ఉంటాయి. ఆ మిగిలిన నీళ్లను వేడి గాలితో ఆవిరి చేసి, బట్టను మడత పెట్టేంత పొడిగా ఇచ్చేది టంబుల్ డ్రైయర్. అది వేరే మెషిన్.

తిరుపతిలో ఎండకేం తక్కువ? నిజంగా డ్రైయర్ అవసరమా?

చాలామందికి అవసరం లేదు. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద ఆరేసిన దుప్పటి గంటన్నరకే గలగలలాడుతుంది. ఆ ఎండను ఏ మెషినూ మించలేదు, దానికి బిల్లూ రాదు.

మన ఇబ్బంది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. రాష్ట్రంలో చాలా చోట్ల వానలు వెనకబడే సమయానికి ఈశాన్య రుతుపవనాలు మన వైపు తిరుగుతాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే చాలు, నాలుగు రోజులు సూర్యుడు కనపడడు. 2021 నవంబర్లో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు మా ఇంట్లో వారం రోజుల బట్టలు కుర్చీల మీద, తలుపుల మీద, మంచం అంచుల మీద వేలాడాయి. ఏదీ పూర్తిగా ఆరలేదు, అన్నిటికీ ముక్కిన వాసన. పసిపిల్ల ఉన్న ఇల్లు అది. నేను డ్రైయర్ గురించి గట్టిగా ఆలోచించింది ఆ వారమే.

మిద్దె ఉండి, ఇంట్లో ముగ్గురు నలుగురే అయితే ముసురు రోజుల్లో ఒక గది మూసి, ఫ్యాన్ కింద స్టాండ్ మీద ఆరేసుకుంటే గడిచిపోతుంది. మిద్దె తాళం చేతికివ్వని ఫ్లాట్లు, కొండ కింది కాలనీల్లో కోతుల బెడద ఉన్న ఇళ్లు, పసిపిల్లలో మంచం పట్టిన పెద్దవాళ్లో ఉన్న ఇళ్లు, పొద్దున పోయి రాత్రికి వచ్చే ఉద్యోగస్తులు మాత్రం కొంటే సుఖపడతారు.

హీట్ పంప్, కండెన్సర్ అంటున్నారు, అసలు తేడా ఏంటి?

రెండూ వేడి గాలిని బట్టల్లోంచి పంపుతాయి, ఆ గాలి మోసుకొచ్చిన ఆవిరిని నీళ్లుగా మార్చి తొట్టిలోకి వదులుతాయి. గాలిని వేడి చేసే పద్ధతిలో, ఆ వేడిని తర్వాత ఏం చేస్తాయన్నదాంట్లో తేడా ఉంది.

కండెన్సర్‌లో గీజర్‌లో ఉన్నట్టు ఒక హీటర్ ఉంటుంది, సుమారు 2,000 నుంచి 2,500 వాట్లది. ఆవిరితో నిండిన గాలి ఒక రేకుల అర గుండా పోతుంటే, ఆ రేకుల అవతల వైపు నుంచి గదిలోని గాలి దాన్ని చల్లబరుస్తుంది. అన్నం గిన్నె మూత లోపల నీటి చుక్కలు పట్టినట్టు అక్కడ ఆవిరి నీరవుతుంది. వేడి మాత్రం గదిలోకి పోతుంది. హీటర్ మళ్లీ కొత్తగా వేడి పుట్టించాలి.

హీట్ పంప్‌లో హీటర్ బదులు ఫ్రిజ్‌లో లాంటి కంప్రెసర్, గ్యాస్, రెండు కాయిల్స్ ఉంటాయి. చల్లటి కాయిల్ మీద ఆవిరి నీరవుతుంది. అలా నీరయ్యేటప్పుడు వదిలిన వేడిని గ్యాస్ పట్టుకుపోయి, వేడి కాయిల్ దగ్గర అదే గాలికి తిరిగి ఇస్తుంది. ఒకసారి పుట్టిన వేడే లోపల తిరుగుతూ ఉంటుంది.

లీటరు నీళ్లు ఆవిరి కావాలంటే దాదాపు 0.63 యూనిట్ల వేడి కావాలి. కండెన్సర్ లీటరుకు ఇంచుమించు ఒక యూనిట్ కరెంటు తీసుకుంటుంది. హీట్ పంప్‌కు 0.4 యూనిట్ సరిపోతుంది. కావలసిన వేడి కంటే తక్కువ కరెంటుతో పని కావడంలో వింత లేదు, పాత వేడినే మళ్లీ వాడుకుంటుంది కనుక.

గొట్టం కిటికీలోంచి బయటికి పెట్టే చవక డ్రైయర్లు కూడా ఉన్నాయి కదా?

ఉన్నాయి, వాటిని వెంటెడ్ అంటారు. తడి గాలిని నేరుగా బయటికి ఊదేస్తాయి. సొంతిల్లు ఉండి, గోడకు రంధ్రం వేసే వీలుంటే వాడుకోవచ్చు. గొట్టం పెట్టకుండా గదిలోకే వదిలేస్తే మాత్రం గోడలకు చెమ్మ, బూజు తప్పదు. అద్దె ఇంటికి సరిపడదు.

ఉతకడం, ఆరబెట్టడం రెండూ చేసే ఒకే మెషిన్ తీసుకుంటే పోదా?

చోటు కలిసొస్తుంది. అయితే ఉతికినంత బరువు ఆరబెట్టలేదు. 8 కిలోలు ఉతికేది సాధారణంగా 5 కిలోలే ఆరబెడుతుంది, కాబట్టి మూడు కిలోల బట్టలు బయటికి తీయాలి. ఇంకో సంగతి షాపులో ఎవరూ చెప్పరు. ఈ రకంలో చాలా మెషిన్లు ఆవిరిని చల్లబరచడానికి కొళాయి నీళ్లు వాడతాయి. వేసవిలో ట్యాంకర్ తెప్పించుకునే వీధిలో ఉంటే కొనేముందు ఆ ఒక్క ప్రశ్న తప్పక అడగండి. ఆరబెట్టేటప్పుడు నీళ్లు వాడదని రాతలో చూపిస్తేనే తీసుకోండి.

## రెండింట్లో ఏదో తేల్చుకునేటప్పుడు

కరెంటు ఎంత కాలుతుంది? రూపాయల్లో చెప్పండి.

8 కిలోల మెషిన్ నిండా నూలు బట్టలు వేస్తే కండెన్సర్‌కు సుమారు 4.5 యూనిట్లు, హీట్ పంప్‌కు సుమారు 2 యూనిట్లు. సగం వేస్తే రెండింటికీ దాదాపు సగమే. 2022 ఏప్రిల్ నుంచి అమలైన ఇళ్ల టారిఫ్‌లో నెలకు 126 నుంచి 225 యూనిట్ల మధ్య వాడకానికి యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. డ్రైయర్ యూనిట్లు మీ మామూలు వాడకం పైన వచ్చి పడతాయి కాబట్టి మీరు ఉన్న చివరి శ్లాబ్ ధరతోనే లెక్క వేయాలి. 6 రూపాయల శ్లాబ్‌లో నిండు లోడుకు కండెన్సర్ ఖర్చు 27 రూపాయలు, హీట్ పంప్ 12. అదే 8.75 శ్లాబ్‌లో 39, 17.50.

హీట్ పంప్‌కు ఎక్కువ పెడితే ఆ డబ్బు ఎన్నేళ్లలో తిరిగొస్తుంది?

అందరూ ఎదురుచూసే జవాబు 'తొందరగా వచ్చేస్తుంది' అని. మన ఊరి లెక్క అలా లేదు. రెండు మెషిన్ల ధరల తేడా 20,000 అనుకుందాం.

వానాకాలం మూడు నెలలు మాత్రమే, వారానికి మూడు నిండు లోడ్లు వేసే ఇల్లు ఏడాదికి 40 లోడ్లు వేస్తుంది. లోడుకు మిగిలేది 2.5 యూనిట్లు, అంటే ఏడాదికి 100 యూనిట్లు. పైగా ఆ నెలల్లో ఏసీ ఆగి ఉంటుంది కాబట్టి చాలా ఇళ్ల వాడకం 6 రూపాయల శ్లాబ్‌లోకి దిగుతుంది. ఏడాదికి మిగులు 600 రూపాయలు. ఆ 20,000 మెషిన్ బతికున్నంత కాలంలో తిరిగి రాదు.

ఏడాది పొడవునా వారానికి నాలుగు లోడ్లు వేసే ఫ్లాట్ 208 లోడ్లు వేస్తుంది. మిగులు 520 యూనిట్లు. 8.75 శ్లాబ్‌లో ఏడాదికి సుమారు 4,550 రూపాయలు. నాలుగున్నరేళ్లలోపే తేడా తీరిపోతుంది. రోజూ ఒక లోడు వేసే ఉమ్మడి కుటుంబానికి రెండున్నరేళ్లు చాలు.

కొనేముందు ఏడాదికి ఎన్ని లోడ్లు వేస్తారో ఒక కాగితం మీద నిజాయితీగా రాసుకోండి. సేల్స్ కుర్రాడు చూపించే స్టిక్కర్ కంటే ఆ అంకెకే విలువ ఎక్కువ.

డ్రైయర్ నడుస్తుంటే ఇల్లు వేడెక్కుతుందా?

కండెన్సర్ అయితే బాగా వేడెక్కుతుంది. అది లాగిన కరెంటు అంతా చివరికి వేడిగా మారి గదిలోనే దిగుతుంది. రెండు గంటల పాటు రెండు వేల వాట్ల రూమ్ హీటర్ పెట్టుకున్నట్టే. నవంబర్లో అది ఇబ్బంది కాదు, ముసురు రోజున కాస్త హాయిగానే ఉంటుంది. ఆగస్టులో వంటింటి పక్కన నడిపితే అక్కడ నిలబడలేం. నేను కండెన్సర్ వదిలేసింది బిల్లు చూసి కాదు, ఈ వేడికే. మా అమ్మ కూర్చునే చోటు పక్కనే ఉండేది మెషిన్. హీట్ పంప్ వదిలే వేడి అందులో సగం కూడా ఉండదు.

చెమ్మ సంగతి కూడా చూడండి. కండెన్సర్ ఆవిరినంతా పట్టలేదు. యూరోపియన్ లేబుల్‌లో దీనికి కండెన్సేషన్ తరగతి అని వేరే రాస్తారు. 2025 జులైకి ముందున్న లేబుల్‌లో బి తరగతి అంటే 80 నుంచి 90 శాతం పడుతుందని అర్థం. మిగిలింది గదిలోకే పోతుంది, నిండు లోడుకు అర లీటరు నుంచి లీటరు దాకా. కిటికీ తెరిచి ఉంచాలి.

హీట్ పంప్ చాలా నిదానమంట, నిజమేనా?

నిజమే. నిండు నూలు లోడు కండెన్సర్‌లో రెండు, రెండుంబావు గంటల్లో అయ్యేది హీట్ పంప్‌లో రెండున్నర నుంచి మూడున్నర గంటలు పడుతుంది. రోజుకు ఒక లోడు వేసే ఇంటికి ఇది పెద్ద తేడా కాదు. వరసగా మూడు లోడ్లు వేయాల్సిన రోజున తెలుస్తుంది.

బట్టలు కుంచించుకుపోతాయా? రంగు వెలుస్తుందా?

వేడి ఎక్కువైతే, అవసరానికి మించి తిప్పితే రెండూ జరుగుతాయి. కండెన్సర్‌లో గాలి 70 డిగ్రీలు దాటుతుంది, హీట్ పంప్‌లో 50 నుంచి 60 మధ్య ఉంటుంది. టీ షర్టులు, ఎలాస్టిక్ ఉన్న లోదుస్తులు, స్కూల్ యూనిఫామ్‌లు హీట్ పంప్‌లో ఎక్కువ కాలం మన్నుతాయి. మే నెల మిద్దె మీద రోజంతా వదిలేసిన బట్ట రంగు కూడా వెలుస్తుందని మరిచిపోకండి. బోరు నీళ్లలో ఉతికి ఎండలో ఆరేసిన టవల్ అట్టలా గరుకుగా ఉంటుంది. ఏ డ్రైయర్‌లో తిప్పినా అదే టవల్ మెత్తగా వస్తుంది.

రిపేరు వస్తే తిరుపతిలో చేసేవాళ్లు దొరుకుతారా?

కండెన్సర్ సరళమైన మెషిన్. బెల్టు, హీటర్, థర్మోస్టాట్, నీళ్ల పంపు, వీటిలోనే చెడుతుంది. చేయి తిరిగిన వాషింగ్ మెషిన్ మెకానిక్ విడి భాగం దొరికితే బాగు చేయగలడు. హీట్ పంప్‌లో బెల్టు, పంపు రిపేర్లు అలాంటివే కానీ గ్యాస్ లీకైతే కథ వేరు. లోపలి గ్యాస్ అర సీలు చేసి ఉంటుంది. చాలా కొత్త మెషిన్లలో ఆర్‌290 అనే ప్రొపేన్ గ్యాస్ వాడుతున్నారు, అది మండే గుణం ఉన్నది. వీధి చివర ఫ్రిజ్ మెకానిక్ చేత తెరిపించకండి.

కొనేముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కే ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి. ఇంజనీరు తిరుపతిలోనే ఉంటాడా, చెన్నై నుంచి రావాలా? కంప్రెసర్ వారంటీలో గ్యాస్ నింపే ఖర్చు, కూలి కూడా కలుస్తాయా? నాకు ఒక షాపులో 'పదేళ్ల వారంటీ' అని పెద్ద అక్షరాల్లో చూపించారు. చదివితే అది మోటారు భాగానికి మాత్రమే.

విదేశాల్లో కండెన్సర్లు ఆపేశారంట కదా, ఇక్కడ కొంటే పాతబడిపోతుందా?

స్విట్జర్లాండ్‌లో 2012 నుంచే హీట్ పంప్ స్థాయి పొదుపు ఉన్నవే అమ్మాలి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జులై 1 నుంచి వచ్చిన నియమాలను కూడా హీటర్‌తో నడిచే కండెన్సర్లు దాటలేవు. అక్కడ ఎండ తక్కువ, ఏడాదంతా డ్రైయర్ తిరుగుతుంది కాబట్టి ఆ నియమం సబబే. మన లెక్క వేరు. కానీ కంపెనీలు కొత్త మోడళ్లన్నీ హీట్ పంప్‌లోనే తెస్తాయి కాబట్టి, కండెన్సర్ కొనేవాళ్లు విడి భాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇదంతా కాదు, మీరైతే ఏది కొనమంటారు?

సొంతిల్లు, మిద్దె ఉండి వానాకాలానికి మాత్రమే అయితే కండెన్సర్ తీసుకోండి, అందులో తప్పేమీ లేదు. మిగిలిన డబ్బుతో ఎక్కువ ఆర్‌పీఎం ఉన్న వాషింగ్ మెషిన్ వైపు పోతే ఇంకా మేలు. బాగా పిండిన బట్టకు ఏ డ్రైయరైనా తక్కువ కరెంటు తీసుకుంటుంది. ఫ్లాట్ అయి, యుటిలిటీ (బట్టలుతికే చోటు) ఇరుకై, ఏడాదంతా వాడేటట్టయితే హీట్ పంప్ తప్ప ఇంకేదీ చెప్పను. పాత వైరింగ్ ఉన్న ఇంటికి కూడా హీట్ పంపే.

## ఇంటికి తెచ్చి పెట్టేటప్పుడు

మిద్దె మీద రేకుల షెడ్డులో పెట్టొచ్చా?

వద్దు. చాలా మెషిన్ల మాన్యువల్‌లో గది వేడి 5 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని రాసి ఉంటుంది. మన వేసవి 40 దాటుతుంది, రేకుల కింద ఇంకా ఎక్కువ. కండెన్సర్‌కు ఆవిరిని చల్లబరిచే చల్లగాలి దొరకదు, గంటలు గంటలు తిరుగుతుంది. హీట్ పంప్‌లో కంప్రెసర్ వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది. పడమటి ఎండ నేరుగా కొట్టే బాల్కనీ కూడా మంచిది కాదు. వాన జల్లు పడే చోటు అసలే వద్దు. నీడ, గాలి, తలుపు తీసి ఉంచే వీలు, ఈ మూడూ ఉన్న యుటిలిటీ సరిపోతుంది.

మా ఇంటి వైరింగ్ తట్టుకుంటుందా?

కండెన్సర్ 2,500 వాట్లు అంటే దాదాపు 11 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సాకెట్, దానికి బోర్డు నుంచి విడిగా వచ్చిన మందం వైరు, సరైన ఎర్తింగ్ ఉండాలి. గీజర్, డ్రైయర్, ఏసీ ఒకేసారి వేస్తే పాత ఇళ్లలో ఎంసీబీ పడిపోతుంది. మీ కనెక్షన్ కాంట్రాక్ట్ లోడ్ ఎన్ని కిలోవాట్లో ఎస్‌పీడీసీఎల్ బిల్లు మీదే ఉంటుంది, అది ఒకటి రెండు కిలోవాట్లే అయితే ముందే పెంచుకోండి. హీట్ పంప్ సాధారణంగా వెయ్యి వాట్ల లోపే లాగుతుంది. అయినా ఎర్తింగ్ తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఏ డ్రైయర్‌నీ తగిలించొద్దు.

మెట్ల మీద పడుకోబెట్టి తెచ్చారు, పరవాలేదా?

కండెన్సర్‌కు పరవాలేదు. హీట్ పంప్‌ను నిలువుగానే మోయాలి. పక్కకు వంచితే కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి జారుతుంది. అలా జరిగితే నిలబెట్టి కనీసం మాన్యువల్‌లో చెప్పినంత సేపు, నా సలహా అడిగితే ఒక రోజంతా, స్విచ్ వేయకుండా వదిలేయండి. లిఫ్ట్ లేని మూడో అంతస్తుకు తెప్పిస్తుంటే మెట్ల మలుపు కొలత ముందే తీసి చెప్పండి.

వాషింగ్ మెషిన్ మీద ఎక్కించవచ్చా?

ఫ్రంట్ లోడ్ మీద ఎక్కించవచ్చు, టాప్ లోడ్ మీద కుదరదు. ఒకదాని మీద ఒకటి బిగించే స్టాకింగ్ కిట్, ఆ రెండు మెషిన్లకూ సరిపోయేది, ఉండాలి. మధ్యలో రబ్బరు షీటు పెట్టి ఊరుకుంటే 1,400 ఆర్‌పీఎం స్పిన్‌కు పై మెషిన్ జరిగి జరిగి కింద పడుతుంది. పైకి ఎక్కించాక బటన్లు, నీళ్ల తొట్టి ఇంట్లో పొట్టిగా ఉండేవాళ్లకు అందుతాయా చూసుకోండి.

సోలార్ ఉంది, ఇన్వర్టర్ ఉంది. వాటి మీద నడుస్తుందా?

ఫ్యాన్లు, లైట్ల కోసం పెట్టుకున్న ఇన్వర్టర్ మీద ఏ డ్రైయర్‌నూ నడపకండి. మిద్దె మీద గ్రిడ్‌కు కలిపిన సోలార్ ఉంటే పగటి పూట నడపండి. కాకపోతే మనకు డ్రైయర్ కావలసింది మబ్బు పట్టిన రోజుల్లోనే, ఆ రోజు ప్యానెల్స్ ఇచ్చేదీ తక్కువే. అందుకే సోలార్ ఇంటికి కూడా తక్కువ లాగే హీట్ పంప్ బాగా కుదురుతుంది.

## రోజూ వాడేటప్పుడు

ఏ బట్టలు వేయకూడదు?

పట్టు చీరలు, జరీ ఉన్న వెంకటగిరి చీరలు, పట్టు పంచెలు, ఊలు, రబ్బరు అచ్చు ఉన్న బట్టలు, తోలు. హీట్ పంప్ వేడి తక్కువే కదా అని పట్టు వేయకండి, దొర్లేటప్పుడు రాపిడికే జరీ పోతుంది.

అంతకంటే ముఖ్యం, నూనె పట్టిన గుడ్డలు. పండగ తలంటుకు వాడిన టవల్, దీపాలు తుడిచిన గుడ్డ, వంటింటి మసిగుడ్డ ఒకసారి ఉతికినా నూనె పూర్తిగా పోదు. వేడిగా ముద్దగా ఉన్నప్పుడు ఆ నూనె గాలితో కలిసి తనంతట తానే ఇంకా వేడెక్కి అంటుకోగలదు. డ్రైయర్ మంటలకు తెలిసిన కారణాల్లో ఇదొకటి. వాటిని ఎప్పుడూ దండెం మీదే ఆరేయండి.

మడి బట్టలు డ్రైయర్‌లో వేయొచ్చా?

అది మీ ఇంటి ఆచారం, పెద్దవాళ్లను అడగండి. బట్ట వరకు చూస్తే నూలు పంచెకు, చీరకు ఏమీ కాదు. మా ఇంట్లో మాత్రం వేయం. మడి బట్టలకు దేవుడి గదిలో ఎత్తున ఒక కర్ర కట్టి ఉంది, ముసురు రోజుల్లో అక్కడే ఫ్యాన్ కింద ఆరతాయి. డ్రైయర్ మిగతా బట్టల భారం తీసేస్తుంది కాబట్టి ఆ కర్ర ఖాళీగా ఉంటుంది.

దర్శనానికి వచ్చిన చుట్టాల టవల్స్, దుప్పట్లు ఒకేసారి వేయొచ్చా?

తిరుపతిలో ఇల్లుంటే బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి ఈ ప్రశ్న రాకుండా ఉండదు. దుప్పట్లు, టవల్స్ కలిపి వేయకండి. దుప్పటి టవల్స్‌ను మూట కట్టేస్తుంది, బయట ఆరి లోపల తడి మిగులుతుంది. టవల్స్ ఒకసారి, దుప్పట్లు రెండు మూడు మాత్రమే ఇంకోసారి. డ్రమ్ములో మూడో వంతు ఖాళీ ఉండాలి.

గుండు చేయించుకుని వచ్చినవాళ్ల టవల్స్, చొక్కాల మీద సన్న వెంట్రుకలు గుచ్చుకుని ఉంటాయి. ఉతికినా కొన్ని మిగులుతాయి. ఉతికే ముందే బయట గట్టిగా దులపండి, ఆరాక ఫిల్టర్‌ను రెండు సార్లు చూడండి. ఆ వెంట్రుకలు జాలీలో అడ్డంగా ఇరుక్కుంటే చేతితో తుడిస్తే రావు, పాత టూత్ బ్రష్ కావాలి. తలకు పూసుకున్న గంధం కూడా పూర్తిగా పోయేదాకా ఉతికాకే డ్రైయర్‌లో వేయండి, వేడికి మరక ఖాయమైపోతుంది.

'అయిపోయింది' అని చూపిస్తుంది, బట్టలు మాత్రం చెమ్మగా ఉంటున్నాయి. ఎందుకు?

డ్రమ్ము లోపల రెండు చిన్న లోహపు పట్టీలు ఉంటాయి. తడి బట్ట వాటికి తగిలినప్పుడు కరెంటు పారే తీరును బట్టి మెషిన్ తడిని అంచనా వేస్తుంది. మన బోరు నీళ్ల సున్నం, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ పొర ఆ పట్టీల మీద పడితే లెక్క తప్పుతుంది. తడిపిన గుడ్డకు కాస్త వెనిగర్ పెట్టి తుడవండి. సాఫ్ట్‌నర్ వాడటం మానేస్తే ఇంకా మంచిది. అప్పటికీ అలాగే ఉంటే ఆరే స్థాయిని ఒక మెట్టు పెంచండి. హీట్ పంప్ నుంచి తీసిన బట్ట వేడిగా ఉన్నప్పుడు చెమ్మగా అనిపించి, రెండు నిమిషాలు విదిలిస్తే పొడిగా తేలడం కూడా మామూలే.

తొట్టిలో చేరిన నీళ్లు దేనికైనా పనికొస్తాయా?

సున్నం లేని నీళ్లు అవి, కానీ శుభ్రమైనవి కావు. దూది పీచు, సబ్బు జాడ ఉంటాయి. నేల తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి వాడుకోండి. పలుచని గుడ్డలో వడకడితే ఆవిరి ఇస్త్రీ పెట్టెకు కొందరు వాడతారు. తాగడానికి, వంటకు, ఇన్వర్టర్ బ్యాటరీకి వద్దు. రోజూ తొట్టి తీసి పారబోయడం విసుగైతే వెనక పైపును నేరుగా డ్రెయిన్‌లోకి పెట్టించుకోండి.

మధ్యలో కరెంటు పోయి వస్తే ఏం చేయాలి?

హీట్ పంప్ అయితే ఐదు నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి, కంప్రెసర్‌లో ఒత్తిడి సర్దుకోవాలి. కండెన్సర్ అయితే లోపలి వేడి పోయేలా ఒక్కసారి తలుపు తెరిచి మొదలుపెట్టండి. ఎంతకీ కరెంటు రాకపోతే వేడి బట్టల్ని ముద్దగా లోపల వదిలేయకుండా తీసి పరచండి. రాత్రి పడుకునేటప్పుడు, ఇంటికి తాళం వేసి పోయేటప్పుడు ఏ రకం డ్రైయర్‌నూ నడవనివ్వకండి.

## బాగోగులు చూసుకునేటప్పుడు

ఫిల్టర్ ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలి?

ప్రతి లోడుకూ. వారానికోసారి కాదు. తువ్వాళ్లు, లుంగీలు ఎక్కువ వాడే ఇళ్లలో ఒక్క లోడుకే గుప్పెడు పీచు వస్తుంది. అది అడ్డం పడితే గాలి ఆడదు, టైమ్ పెరుగుతుంది, బిల్లు పెరుగుతుంది. ఎండు పీచుకు నిప్పు కూడా తొందరగా అంటుకుంటుంది. నెలకోసారి జాలీని కొళాయి కింద కడిగి, బాగా ఆరాకే తిరిగి పెట్టండి.

లోపలి కాయిల్ 'తనంతట తానే శుభ్రమవుతుంది' అంటున్నారు, నమ్మొచ్చా?

కొన్ని హీట్ పంప్ మెషిన్లు చేరిన నీళ్లనే కాయిల్ మీద కుమ్మరించి పీచు కడిగేస్తాయి. బాగానే పనిచేస్తుంది, ఫిల్టర్ సరిగ్గా పెట్టినంత కాలం. ఒక్కసారి ఫిల్టర్ లేకుండా నడిపితే కాయిల్ రేకుల మధ్య పీచు బురదలా పట్టేస్తుంది, తెరిచి చూసే దారి ఉండదు. అందుకే నేను కింద తలుపు ఉండి, కాయిల్ కంటికి కనిపించే మోడల్ ఎంచుకున్నాను. రెండు నెలలకోసారి మెత్తని బ్రష్‌తో పై నుంచి కిందికి తుడుస్తాను. ఆ రేకులు చాలా పదును, వేళ్లు జాగ్రత్త. కండెన్సర్‌లో ఈ పని సులువు. లోపలి అర మొత్తం బయటికి లాగి, కొళాయి కింద కడిగి పెట్టేయడమే.

వాన నీళ్లు ఇంట్లోకి వచ్చి మెషిన్ అడుగు మునిగింది. ఆరబెట్టి వాడొచ్చా?

ప్లగ్ ముట్టుకునే ముందు మెయిన్ ఆపండి. మోటారు, పంపు, హీట్ పంప్‌లో కంప్రెసర్ అన్నీ అడుగునే ఉంటాయి. పైకి ఆరినట్టు కనిపించినా సర్వీస్ మనిషి తెరిచి చూసి సరేననేదాకా స్విచ్ వేయకండి. పల్లపు వీధుల్లో, సెల్లార్‌లో పెట్టుకునేవాళ్లు మొదటే ఒక అడుగు ఎత్తున్న ఇనుప స్టాండ్ చేయించుకోండి.

జనవరి నుంచి సెప్టెంబర్ దాకా వాడం. ఎలా ఉంచాలి?

తొట్టి, పైపు నీళ్లు పూర్తిగా వంచేయండి, నిలవ నీళ్లలో దోమలు గుడ్లు పెడతాయి. ఫిల్టర్, కాయిల్ శుభ్రం చేసి తలుపు బొటనవేలంత తెరిచి ఉంచండి. ప్లగ్ తీసేయండి. వెనక గొట్టాల దగ్గర ఎలుకలు చేరకుండా చూసుకోండి. హీట్ పంప్‌ను నెలకోసారి పావుగంట ఖాళీగా తిప్పడం నా అలవాటు. సెప్టెంబర్ నెలాఖరులో రెండు టవల్స్ వేసి ఒకసారి నడిపి చూడండి. ఏదైనా తేడా ఉంటే ముసురు మొదలయ్యేలోపే సర్వీస్ మనిషి దొరుకుతాడు. నవంబర్లో ఫోన్ చేస్తే వారం ఆగమంటారు.